చెరువు పక్క సెటిల్‌మెంటు: సిద్ధాపురం చెప్పే మన చరిత్ర

ఆలూరు వైపు ఎరుకల ఇళ్లలో పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్లు బూచోడి పేరు చెప్పేవారు కాదు. "సెటిల్‌మెంటుకు తోలిస్తారు, జాగ్రత్త" అనేవారు. ఆ మాట విని మేము నోరు మూసుకునేవాళ్లం. సెటిల్‌మెంటు అంటే ఏమిటో మాకు తెలియదు. మా జేజిలకు తెలుసు. వాళ్ల నోట అప్పుడప్పుడు ఒక ఊరి పేరు కూడా వచ్చేది. ఆ పేరు సిద్ధాపురం.

చాలా కాలం మేము సిద్ధాపురాన్ని ఒక జైలు అనుకున్నాం. చదువుకున్నాక తెలిసింది, అది ఒక పల్లె. ఆత్మకూరు దగ్గర, నల్లమల కొండల దాపున, పెద్ద చెరువు పక్కన ఉన్న పల్లె. ఇన్నాళ్లూ కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది. నీళ్ల కోసం మొగం వాచిన మా ఆలూరు వాళ్లకు చెరువు పక్క ఊరంటే అదృష్టం. అలాంటి ఊరి పేరు చెబితే మా పెద్దలు ఎందుకు భయపడ్డారు? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాసిందే ఈ వ్యాసం.

మా పేర్లు, మా దారులు

ముందు మా సంగతి చెప్పాలి. ఆలూరు ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉంది గానీ, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు అదీ ఇటు వచ్చింది. అందుకే మా బంధుత్వాలు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. అటు కన్నడ సీమలో మమ్మల్ని కొరచ, కొరమ అంటారు. తమిళ దేశంలో కురవర్ అంటారు. తెలుగువాళ్లు ఎరుకల అన్నారు. ఎరుక చెప్పేవాళ్లు కాబట్టి ఎరుకల. మాలో మేము మాత్రం కుర్రు అనుకుంటాం. ఇంట్లో మాట్లాడే కుర్రు భాష తమిళానికి దగ్గర. ఆ భాషకు లిపి లేదు.

ఇన్ని పేర్లు ఊరికే రాలేదు. తిరిగే జాతికి తిరిగిన చోటల్లా ఒక పేరు పడింది. ఎందుకు తిరిగేవాళ్లం? పని కోసం. ఉప్పు ఎరుకల వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవాళ్లు. తిరుగు ప్రయాణంలో ఆ ధాన్యం, చింతపండు పోయేవి. కరివేపాకు ఎరుకల వాళ్లు కరివేపాకు అమ్మారు. దబ్బ ఎరుకల వాళ్లు వెదురు దబ్బలతో గంపలు, చేటలు అల్లారు. ఈత ఎరుకల వాళ్లు ఈత మట్టలతో బుట్టలు అల్లారు. ఆడవాళ్లు సోది చెప్పారు. ఒక్కో పనీ ఒక తెగ పేరయింది.

కోస్తాకూ కర్నూలు సీమకూ మధ్య నల్లమల అడ్డం. దాన్ని దాటాలంటే కనుమలే దిక్కు. నంద్యాల, గిద్దలూరు మధ్య నంది కనుమ ఒకటి. ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు పోయే అడవి దారి మరొకటి. రైతుకు పొలం ఎలాగో మాకు ఈ దారి అలాగ. గ్రామాల్లో మాకు భూమి లేకపోయినా ఎదురుచూపు ఉండేది. ఉప్పు లేనిదే ఏ ఇంటా కుండ దిగదు కదా.

దారి మూసుకుపోయిన కాలం

ఆ దారి ఒక్కరోజులో మూసుకుపోలేదు. మద్రాసు ప్రాంతంలో ఉప్పు మీద కంపెనీ 1805లోనే గుత్త హక్కు పెట్టుకుంది. తయారీ, అమ్మకం సర్కారు చేతిలోకి పోయాయి. ఆ తర్వాత రోడ్లు, వాటి మీద బండ్లు, వాటి వెనక రైలు వచ్చాయి. 1880లలో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు మీదుగా కోస్తా వైపు నల్లమలను చీల్చుకుంటూ రైలుమార్గం వేశారు. గాడిద మందలు నెల రోజులు నడిచి తెచ్చే సరుకును రైలు ఒక రాత్రిలో దించేసింది.

ఈ మధ్యలోనే 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అందరికంటే ఎక్కువ నలిగాయి. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. కరువు పనుల్లో కూలీని రోజుకు ఒక పౌను ధాన్యానికి, కొద్దిపాటి డబ్బుకు కుదించమని రిచర్డ్ టెంపుల్ 1877లో చెప్పిన సంగతి చరిత్ర పుస్తకాల్లో ఉంది. మనుషులే నిలబడని కరువులో ఎద్దులు, గాడిదలు ఏం నిలబడతాయి? పశువు పోతే ఎరుకల వాడి వ్యాపారం పోయినట్టే.

మిగిలింది అడవి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వెదురు కొట్టాలన్నా, పశువును మేపాలన్నా అనుమతి కావాలి. ఉప్పు పోయింది, పశువు పోయింది, వెదురు పోయింది. మనుషులు మాత్రం తిరగడం మానలేదు, ఎందుకంటే తిరగకపోతే తిండి లేదు. సరుకు మోస్తూ తిరిగినన్నాళ్లు వ్యాపారులమయ్యాం. ఉత్త చేతులతో తిరిగేసరికి దొంగలమయ్యాం.

మా వాళ్లలో ఎవరూ దొంగతనం చెయ్యలేదని మేము అనడం లేదు. అన్ని కులాల్లో ఉన్నట్టే మాలోనూ చేసినవాళ్లు ఉన్నారు. కాని చేసినవాడికి శిక్ష వెయ్యడం వేరు, పుట్టిన బిడ్డను కూడా దొంగ అని రాసుకోవడం వేరు.

గోడ లేని జైలు

ఆ రాసుకునే చట్టమే నేరస్త జాతుల చట్టం. 1871లో ఉత్తర దేశంలో మొదలైంది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తించేలా చేశారు. సర్కారు ఒక జాతిని నేరస్త జాతిగా ప్రకటిస్తే చాలు. ఆ మనుషుల పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి. వేలిముద్రలు తీసుకుంటారు. వేళకు హాజరు వెయ్యాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. పాసు లేకుండా దొరికితే నేరం. ఇంకా కావాలనుకుంటే మొత్తం కుటుంబాలను ఒకచోట పెట్టవచ్చు. దాని పేరే సెటిల్‌మెంటు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడుల్లో ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో రాసి ఉంది.

ఆ తర్వాతి సంవత్సరాల్లో తెలుగు జిల్లాల్లో సెటిల్‌మెంట్లు వెలిశాయి. గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం, సీతానగరం ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన కావలి ఉంది. అదే జిల్లాలో కప్పరాళ్ల తిప్ప ఉంది. కర్నూలు జిల్లాకు సిద్ధాపురం. స్టువర్టుపురానికి మద్రాసు గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. సిద్ధాపురానికి ఏ దొర పేరూ పెట్టలేదు. ఉన్న ఊరి పేరే సెటిల్‌మెంటు పేరయింది. అందువల్ల ఒక తరం ఎరుకల వాళ్లకు ఆ ఊరి పేరూ ఆ శిక్ష పేరూ ఒకటైపోయాయి. మా జేజిల భయం అక్కడిది.

సెటిల్‌మెంట్లకు చోటు ఎంచుకోవడంలో ఒక లెక్క ఉండేది. తిరిగే మనిషిని నిలపాలంటే ఏదో ఒక పనికి కట్టెయ్యాలి. కొన్నిచోట్ల అది ఫ్యాక్టరీ, కొన్నిచోట్ల రాయి కొట్టే పని, కొన్నిచోట్ల సేద్యం. సేద్యం చేయించాలంటే నీళ్లు కావాలి. రాయలసీమలో నీళ్లంటే చెరువే. సిద్ధాపురంలో చెరువు ఉంది. ఆ చెరువు పక్కన మా వాళ్లను దింపారు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. "భూమి చూపించారు, నీళ్లు చూపించారు, ఇంకేం కావాలి?" అంటారు. నాగలి చేతికిచ్చారు, నిజమే. కాని కాళ్లకు పలుపు వేసి ఇచ్చారు. నాటు వేసే రోజైనా, బిడ్డ పుట్టిన రోజైనా, పక్క ఊళ్లో అన్న చనిపోయిన రోజైనా హాజరు మానకూడదు. ఇష్టపడి సేద్యం నేర్చుకున్నవాడు రైతు. హాజరుకు భయపడి సేద్యం చేసినవాడు ఖైదీ. ఒకే మడిలో ఈ ఇద్దరూ కలిసి ఒకే మనిషిగా బతికిన ఊరు సిద్ధాపురం.

చెరువుకు ఎవరు కావాలి?

రాయలసీమ చెరువుల చరిత్ర చెప్పాల్సి వస్తే అందరూ పోరుమామిళ్ల శాసనం దగ్గర మొదలుపెడతారు. మేము కూడా అక్కడికి ఒకసారి పోయి వస్తాం, ఎందుకంటే మా మాట అక్కడ బలపడుతుంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, ఆయనకే భవదూరుడని పేరు, అక్కడ చెరువు కట్టించాడు. చెరువు కుదరాలంటే పన్నెండు అంగాలు కావాలని, ఆరు దోషాలు ఉండకూడదని ఆ శాసనం చెబుతుంది. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి నేల, తీపి నీళ్ల ఏరు, కొండ, రాతి గని, ఇలా లెక్క సాగుతుంది. తవ్వి కట్టే పని నేర్చిన మనుషుల గుంపు కూడా ఆ పన్నెండులో ఒక అంగం. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండు సంవత్సరాల పని అని కూడా చెక్కారు.

రాజు పేరు ఉంది. కూలీల లెక్క ఉంది. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరు లేదు. మట్టి తట్టలు ఎవరు మోశారో, ఆ తట్టలు ఎవరు అల్లారో ఏ రాయీ చెప్పదు. రాయలసీమలో చెరువు కట్టకు మట్టి మోసిన గంప ఎవరో ఒకరు వెదురో ఈతో చీల్చి అల్లినదే. గంప లేనిదే కట్ట లేదు.

ఆ శాసనం తర్వాత ఐదున్నర శతాబ్దాలకు సిద్ధాపురంలో మా వాళ్ల పేర్లు రాశారు. ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వేలిముద్ర. చరిత్రలో మా వాళ్ల పేర్లు అంత వివరంగా ఎక్కడా రాయలేదు. కాని ఆ పుస్తకం నేరస్తుల రిజిస్టరు. చెరువు కట్టినప్పుడు పేరు లేని సంఖ్య, చెరువు పక్కన బతికినప్పుడు నేరం మోపిన పేరు. మన గురించి ఇతరులు రాసిన చరిత్ర ఈ రెండు రకాలుగానే దొరుకుతుంది.

చెరువు పక్క బతుకు

చెరువు పక్క ఊరికి ఒక నడక ఉంటుంది. నల్లమల మీద వాన పడితే వంకలు పారి చెరువు నిండుతుంది. నిండితే మరువ పోతుంది. తూము ఎత్తితే కాలువ పారుతుంది. ఏ మడికి ఎంతసేపు నీళ్లు అనేది నీరుగంటి చూస్తాడు. చెరువు తగ్గేకొద్దీ వలలు దిగుతాయి. ఎండాకాలం చెరువు ఎండితే పూడిక మట్టి పొలాలకు తోలుకుంటారు, పశువులు చెరువు కడుపులో మేస్తాయి. మళ్లీ వాన కోసం ఆకాశం చూస్తారు. ఊళ్లో గొడవలు చాలావరకు నీళ్ల గొడవలే. పెళ్లి ముహూర్తాలు కూడా పంట చూసి పెట్టుకునేవే.

తిరిగే జాతికి ఈ నడక కొత్త. మా వాళ్ల సంవత్సరం సంతలను బట్టి, తిరునాళ్లను బట్టి, కళ్లాలను బట్టి నడిచేది. కళ్లం కాలంలో ఊళ్లకు పోతే గింజలు దొరుకుతాయి, చేటలు అమ్ముడుపోతాయి. సోది చెప్పే అమ్మ బుట్ట చంకన పెట్టుకుని కొల్లాపురమ్మను, కంచి కామాక్షిని, మధుర మీనాక్షిని, బెజవాడ కనకదుర్గను తలుచుకుంటూ వాకిళ్లకు పోతుంది. పాసు పద్ధతి ఈ సంవత్సరాన్ని తెగ్గొట్టింది. సోది చెప్పాలంటే పది ఊళ్లు తిరగాలి కదా. హాజరు వేళకు తిరిగొచ్చే సోదెమ్మ ఎంత దూరం పోగలదు?

అయినా మనుషులు ఊరు కట్టుకున్నారు. ఏ సెటిల్‌మెంటు సంగతి చూసినా ఇదే కనిపిస్తుంది. సాత్పాటి, కావడి, మానుపాటి, మేండ్రగుత్తి అనే నాలుగు ఇంటి వంశాలు మాకు పెళ్లి సంబంధాలకు ఆధారం. ఎవరు ఎవరికి బంధువో, ఎవరికి పిల్లనివ్వవచ్చో వీటిని బట్టే తేలుతుంది. మేనమామకు మేనకోడలి మీద హక్కు, పెళ్లికి ఓలి, తగవు వస్తే కులపెద్దల ముందు పంచాయతి, ఇవన్నీ రిజిస్టరుకు అందని ఊరి చట్టాలు. వేరు వేరు దారుల్లో తిరిగే గుంపులను సర్కారు ఒకచోట కుదించినప్పుడు ఈ వంశాల వరుసలే వాళ్లను ఊరుగా కలిపాయి. సర్కారు గుడిసెలు ఇచ్చి ఉండవచ్చు. వరుసలు కలుపుకుని ఊరు చేసుకున్నది మాత్రం మా వాళ్లే.

ఇంట్లో కుర్రు భాష నిలబడింది. పోలీసు రాతల్లో దాన్ని దొంగల రహస్య భాష అని రాసుకున్నారు. తల్లి బిడ్డకు అన్నం తినమని చెప్పే భాష అది. బిడ్డ బడికి పోయి తెలుగు నేర్చుకుని వచ్చి, ఇంట్లో కుర్రు మాట్లాడడానికి సిగ్గుపడడం ఆ రాతల వల్ల జరిగిన నష్టం. భూమి పోతే కొలిచి చెప్పవచ్చు. ఈ నష్టాన్ని ఎలా కొలవాలి?

చట్టం పోయింది, పేరు పోలేదు

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దు చేసింది. 1949లో అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ దేశమంతా రద్దు చెయ్యాలని చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే విముక్త జాతులవాళ్లు ఆగస్టు 31ని తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటారు. దేశం కంటే ఐదేళ్లు ఆలస్యంగా వచ్చిన స్వాతంత్ర్యం. అదైనా పూర్తిగా రాలేదు. ఆ చట్టం పోయిన చోట పాత నేరస్తుల మీద నిఘా పెట్టే చట్టాలు వచ్చాయి. జాతి పేరు తీసేశారు గానీ, ఊళ్లో దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసె తలుపు తట్టాలో అనే అలవాటు పోలేదు.

స్టువర్టుపురం పేరుతో 1991లో సినిమా వచ్చింది. ఆ ఊరి మనిషి కథ అంటూ 2023లో మరో సినిమా వచ్చింది. తుపాకులు, రైళ్లు, గజదొంగలు చూపించారు. హేమలత, లవణం దంపతులు సంస్కార్ సంస్థ పెట్టి అక్కడి కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసిన సంగతి సినిమా చూసినవాళ్లలో ఎంతమందికి తెలుసు? సిద్ధాపురానికి ఆ పాటి పేరు కూడా లేదు. ఒక రకంగా మంచిదే. సినిమా వాళ్లు రాకముందే మన ఊరి కథ మనమే రాసుకునే అవకాశం ఇంకా ఉంది.

చెరువు సంగతి మారింది. శ్రీశైలం జలాశయం కృష్ణా నీళ్లను కొండల మధ్య నిలబెట్టింది. సిద్ధాపురం చెరువుకు ఎత్తిపోతల పథకం వచ్చింది. ఒకప్పుడు నల్లమల వాననే నమ్ముకున్న చెరువుకు మోటార్లు తోడయ్యాయి. నీళ్లు వచ్చాయంటే భూమి విలువ పెరిగింది. భూమి విలువ పెరిగితే కాగితం అడుగుతారు. సెటిల్‌మెంట్లలో పుట్టిన ప్రతి ఊరికీ ఇది పెద్ద ప్రశ్న. తాత హాజరు వేసి దున్నిన భూమికి మనవడి దగ్గర ఏ కాగితం ఉంది? ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకూడదని 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ ఉంది. కర్నూలు, నంద్యాల జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతం కాదు. ఆ రెగ్యులేషన్ మాకు వర్తించదు. అసైన్డు భూములు అన్యాక్రాంతం కాకుండా 1977లో చేసిన చట్టం ఒకటే ఆధారం. భూమి అసైన్డు అని రుజువు చెయ్యాలన్నా కాగితమే కావాలి.

కాబట్టి చరిత్ర రాయడం మాకు ముచ్చట పని కాదు. ఎవరి తాతను ఏ ఊరి నుంచి తెచ్చారు, ఏ మడి దున్నాడు, ఏ సంవత్సరం పట్టా అడిగాడు అనే విషయాలు ఈ రోజు రాసిపెట్టకపోతే రేపు అడిగేవాడి ముందు మన దగ్గర ఏమీ ఉండదు. పాత రిజిస్టరు మన మీద నేరం మోపడానికి రాసిందే. కాని అందులో తాత పేరు, ఊరు, తేదీ ఉంటాయి. మన మీద వాళ్లు పెట్టిన నిఘాయే, మనం అక్కడ ఉన్నామనడానికి ఇప్పుడు సాక్ష్యం అవుతుంది. అలాంటి కాగితం ఏ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉన్నా చింపెయ్యవద్దు, సిగ్గుపడి కాల్చెయ్యవద్దు. నకలు తీయించి పెట్టండి.

సిద్ధాపురం వాళ్లకూ, ఆలూరు వాళ్లకూ, బళ్లారి కొరచలకూ మేము చెప్పేది ఇదే. ఊళ్లో ఎనభై ఏళ్లు దాటిన అవ్వ ఉంటే ఈ ఎండాకాలంలోనే కూర్చోబెట్టి అడగండి. కుర్రులోనే అడగండి, కుర్రులోనే చెప్పనివ్వండి, తెలుగు లిపిలో రాసుకోండి. హాజరు ఎక్కడ వేసేవారు, పాసు ఎవరిచ్చేవారు, మొదటి పంట ఏది, చెరువు ఎప్పుడు ఎండింది, కట్ట మీద ఏ దేవతకు మొక్కేవారు, అన్నీ అడగండి.

మా జేజిలు సెటిల్‌మెంటు పేరు చెప్పి మమ్మల్ని భయపెట్టారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు తెలిసిన సిద్ధాపురం అది. మా మనవళ్లకు మేము చెప్పబోయే సిద్ధాపురం వేరు. కాళ్లకు పలుపు వేసి దింపినా వరుసలు కలుపుకుని, మడి దున్నుకుని, గంప అల్లుకుని, కుర్రు మాట్లాడుకుంటూ ఊరుగా నిలబడిన మనుషుల చెరువు పల్లె అది.